ఫ్రేములో లేని ఇద్దరు

ఆదివారం రోస్టర్. తెల్లారితే సోమవారం.
నానక్‌రామ్‌గూడలో ఆరో అంతస్తు.
క్లెయిముకీ క్లెయిముకీ మధ్య సందు దొరికినప్పుడల్లా
స్టేప్లర్‌కి ఆనించిన ఫోన్‌లో
ఎవరి ఊరి ఆటో, మా ఆట.

క్లయింటు ఊరి జట్టని మొదట చూశాం,
కాల్‌లో రెండు ముక్కలు మాట్లాడాలి కదా అని.
తర్వాత క్లయింటు మారింది.
జట్టు మారలేదు.

ఐదున్నరకి గేటు బయట చాయ్ బండి.
ఓడిపోయాం కాబట్టి చాయ్ కొంచెం చేదు.
శశిరేఖ రెండు గ్లాసులు బల్ల చివరికి జరిపింది:
"వీళ్ళు ప్రూయిట్, కిన్‌కేడ్. మన పాత సేఫ్టీలు.
పదకొండు మందిలో అందరికన్నా వెనక ఇద్దరు.
వీళ్ళని దాటితే ఇంక గడ్డీ, గీతా."

ఎల్లేష్ రెండు ఉప్పు బిస్కెట్లు పెట్టాడు వాటి పక్కన.
"ఇవి వింబుష్, ఫలేటా.
ఆ ఉర్కుడు జూసినవా అక్కా?
బంతి చెయ్యి ఇడ్వకముందే ఆడికి పోయి నిలవడ్తరు."
"నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.
నువ్వా నేనా అనుకునేలోపు వాడు గీత దాటేశాడు, రాత్రి చూళ్ళేదూ?
ప్రూయిట్ ఏనాడైనా పక్కకి తిరిగాడా?"
"తిరగకుంటే పక్కోడు యాడున్నడో ఎట్ల దెల్సు?"
"అదేరా నేను చెప్పేది."

మాటల్లో పడి ఎల్లేష్ ఒక బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు.
"ఫలేటాని మింగావు," అన్నాను.
నమిలి, గుటక వేసి,
"గాయమైంది. రెండు వారాలు బయటనే," అన్నాడు.

నేను ఎవరి పక్షమూ చెప్పలేదు.
కెమెరా ఎప్పుడూ బంతి దగ్గరే కాపలా.
గుంపు, ఢీ, లేచిన మట్టి, మళ్ళీ గుంపు.
ఆ ఇద్దరూ తెర అంచు అవతల ఎక్కడో ఉంటారు.
మనకి కనపడ్డారంటే
అప్పటికే ముందెక్కడో తెగిందని.
నాలుగేళ్ళుగా మేం కొట్లాడుకునేది
సగం ఆట మేం చూడనే చూడని మనుషుల గురించి.

శశిరేఖ స్కూటీ మీద వెళ్ళిపోయింది.
క్యాబ్‌లో వెనక సీటంతా ఎల్లేష్ నిద్ర.
నేను ముందు కూర్చుంటాను, ముక్తార్ పక్కన.
అతనిది కూడా రాత్రి డ్యూటీనే, మాకన్నా రెండు గంటలు ఎక్కువ.

టోలీచౌకీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే రోజూ అడిగే మాట:
"ఏమంటరు సార్, అప్పటి జోడియా, ఇప్పటి జోడియా?"
ఒక్క మ్యాచ్ చూసి ఎరగడు.
పేర్లు మాత్రం అన్నీ వచ్చు.
ఫలేటాని "ఫలూదా" అంటాడు.

ఇవాళ ఏమీ అడగలేదు.
చాలాసేపటికి తనే అన్నాడు:
"నాకు గూడ ఒక జోడి ఉండె సార్. లారీ మీద, నాగ్‌పూర్ రోడ్డుకు.
నేను నడిపితే ఇబ్బు మేల్కొంటుండె,
ఇబ్బు నడిపితే నేను.
ఏడేండ్లు.
ఒక్క దినం, ఇద్దరికీ ఒక్కసారే కన్నంటింది."

ఇండికేటర్ టిక్కుటిక్కుమంటోంది, ఎటూ తిరగకుండానే.
అతను దాన్ని ఆపాడు.
ఇబ్బు ఏమయ్యాడని నేను అడగలేదు.
మెహదీపట్నంలో పూలబస్తాలు దించుతున్నారు,
ఒకడు పైనుంచి విసురుతున్నాడు,
కింద ఇంకొకడు అటు తిరిగి బీడీ ముట్టించుకుంటూనే
ఒక చెయ్యి చాచాడు.

ముక్తార్ కళ్ళు అద్దంలో ఎర్రగా, బరువుగా.
సీటు నిటారుగా లేపుకున్నాను.
"నన్నడిగితే," అన్నాను గట్టిగా,
"కొత్తవాళ్ళే నయం. ఆ ప్రూయిట్‌కి మోకాళ్ళు లేవు."

"ఎట్ల మాట్లాడ్తరు సార్!"
స్టీరింగ్ మీద చరిచాడు.
"అంత పెద్ద ప్లేయర్‌ని పట్టుకొని!
ఆ ఫలూదాగాడు ఎంత, వాని వయసెంత?"

చెప్తూనే ఉన్నాడు లక్డీకాపూల్ దాకా.
కాదు కాదంటూ కూర్చున్నాను.